నాలుగు అని చెప్పమన్నాను

ఎండలోకి వస్తే చాలు, మా అమ్మాయి ఎడమ కన్ను మూసేసేది. "ఎవరికే కన్ను కొడుతున్నావు?" అని ఇంటిల్లిపాదీ ఏడిపించేవాళ్లం. అలసిపోయినప్పుడు ఆ కన్నే మెల్లగా బయటి వైపుకి జారిపోయేది. "మెల్లకన్ను అదృష్టమే, కెలక్కండి" అని మా అత్తగారు తేల్చేశారు. నేనూ సరేననుకున్నాను. పైగా టీచర్ని, సిగ్గులేకపోతే సరి!

దానికి ఏడేళ్లు వచ్చాక ఒకరోజు గ్లాసులో పోయాల్సిన నీళ్లు గ్లాసు పక్కన పోసింది. మర్నాడూ అంతే. అప్పుడు నా గుండెల్లో రాయి పడింది. మొగల్తూరులో పొద్దున్నే బస్సెక్కి భీమవరంలో కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను.

అక్కడ పరీక్ష చేసే అమ్మాయి, ఒక పక్క ఎర్ర అద్దం, ఇంకో పక్క పచ్చ అద్దం ఉన్న కళ్లజోడు పిల్లలకి పెట్టి, గోడ మీద వెలిగే చుక్కలు ఎన్నో చెప్పమంటోంది. తలుపు తెరిచే ఉంది. మా ముందు వెళ్లిన పాప "నాలుగు" అంది. "రెండు కళ్లూ కలిసి పనిచేస్తున్నాయండి. ఇప్పటికి ఆపరేషన్ ఊసే వద్దు" అన్నారు డాక్టరుగారు వాళ్లమ్మతో.

ఆపరేషన్ అన్న మాట చెవిన పడగానే పిల్లని దగ్గరికి లాక్కున్నాను. ఇన్‌స్పెక్షన్‌కి ముందు పిల్లలచేత జవాబులు బట్టీ పట్టించే దాన్ని, ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది? దాని చెవి దగ్గర వంగి, "ఎన్ని కనబడినా నాలుగు అనే చెప్పు. లేకపోతే కన్ను కోస్తారు" అన్నాను. పాపిష్టిదాన్ని. అది బుద్ధిగా తలూపింది.

"ఎన్ని చుక్కలమ్మా?"

"నాలుగండి."

నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ పరీక్ష చేసే అమ్మాయికి ఎందుకో అనుమానం వచ్చింది. మా పిల్ల ఎడమ కంటికి అట్ట అడ్డం పెట్టి మళ్లీ అడిగింది.

"నాలుగండి."

"ఈ అద్దాలతో ఒక్క కంటికి నాలుగూ కనబడవండి, రెండో మూడో అంతే," అంది నావైపు తిరిగి. "మీరేమైనా చెప్పి తీసుకొచ్చారా?"

నేను పిల్ల జడ సర్దసాగాను. ఆ అమ్మాయే నెమ్మదిగా చెప్పింది. కన్ను పక్కకి జరిగితే ఒకటి రెండుగా కనబడాలట. ఆ గందరగోళం లేకుండా మెదడు ఆ కంటి చూపుని ఆపేస్తుందట. "అది కనిపెట్టడానికే ఈ పరీక్షండి. తెలీకుండా వదిలేస్తే అదే అలవాటైపోద్ది. రెండు కళ్లూ కలిపి చూడ్డం మళ్లీ రాకపోవచ్చు."

కోతకి భయపడి నేను దాచబోయింది దాని చూపు పోవడాన్నా!

"నేనే చెప్పించానండి," అన్నాను. పిల్ల గడ్డం పట్టుకుని, "ఎన్ని కనబడితే అన్నే చెప్పమ్మా. అమ్మ ఏమీ అనదు" అన్నాను. అది గోడ వైపు చూడలేదు. ఆ రంగుటద్దాల్లోంచి నా మొహమే చూస్తూ, "నాలుగే" అంది.

"మీరు కాసేపు బయట ఉంటారా అండి?" అంది ఆ అమ్మాయి.

తలుపు దగ్గరగా వేశారు. బయట గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఎన్నని చెబుతుందో వినాలనీ ఉంది, చెవులు మూసుకోవాలనీ ఉంది. నాలుగు అంటే అబద్ధం, తక్కువ చెబితే ఆ కన్ను ఆగిపోయినట్టే. చాలాసేపటికి లోపల్నుంచి దాని గొంతు సన్నగా వినిపించింది.

"రెండేనండి. అమ్మకి చెప్పకండేం? భయపడిపోద్ది."