చిన్నాన్న జీపు ఘాట్ ఎక్కనన్నప్పుడు

నా చిన్నప్పుడు నాకు ఉన్న జబ్బు ఒక్కటే, కుళ్లు. పక్కింటి పిల్ల కొత్త రిబ్బను కట్టుకున్నా నాకు ఆ పూట అన్నం సయించేది కాదు. అలాంటిదాన్ని నేనుండగా మా చిన్నాన్న జీపు కొన్నాడు. అప్పట్లో మేం సాలూరులో ఒకే వాకిట్లో రెండు వాటాల్లో ఉండేవాళ్లం. చిన్నాన్నది బట్టల వ్యాపారం. కొండమీద జరిగే వారపు సంతకి మూటలు తీసుకెళ్లి అమ్మేవాడు. మా నాన్నకి మాత్రం సైకిలే గతి.

చిన్నాన్న కూతురు నాకంటే ఆరు నెలలు చిన్నది. సంతకి వెళ్లేటప్పుడు అది ముందు సీట్లో వాళ్లమ్మ పక్కన కూర్చునేది, నన్ను వెనక బట్టల మూటల మీద కూర్చోబెట్టేవారు. మధ్యమధ్యలో అది వెనక్కి తిరిగి నావైపు జాలిగా చూసేది. ఆ జాలికి నా ఒళ్లు మండిపోయేది. ఇంటిముందు జీపు ఆగి ఉంటే చాలు, అరుగు మీద కూర్చుని కళ్లార్పకుండా దాన్నే చూస్తూ, పాడైపో, పాడైపో అని లోపల్లోపల తిట్టుకునేదాన్ని. కళ్లల్లో నిప్పులు పోసుకోవడం అంటారే, అదన్నమాట.

రెండో సంతకే జీపు జబ్బుపడింది. పాచిపెంట దాకా గుర్రంలా పరిగెత్తింది. ఘాట్ మొదలయ్యాక మాత్రం చిన్నాన్న ఎంత తొక్కినా వేగం అందుకోలేదు. నల్లటి పొగ కక్కుతూ, మొదటి గేరులో మూలుగుతూ ఎలాగో పైకి చేరింది. చిన్నాన్న పెట్రోలు గొట్టం ఊదించాడు, ప్లగ్గులు మార్పించాడు. ఏం చేసినా సాపు రోడ్డు మీద బాగానే ఉండేది, కొండ ఎక్కమంటే మొరాయించేది.

ఇక దిష్టి తగిలిందన్నారు ఇంట్లో. ఎవరి దిష్టి? ఘాట్ కింద ఒక కొండ అవ్వ చింతపండు గంపతో జీపెక్కి సంతకి వచ్చేది. మొదటిసారి ఎక్కినప్పుడు జీపు రేకు మీద చెయ్యేసి, బండి బాగుందని అంది పాపం. ఆవిడ కన్నే తగిలిందని పిన్ని తేల్చేసింది. ఆ పై సంతకి అవ్వ చెయ్యెత్తితే పిన్ని ఆపొద్దంది. చిన్నాన్న ఆపలేదు. డెబ్బై ఏళ్ల మనిషి, తలమీద గంప, ఎదురుగా ఘాట్. వెనక కూర్చున్న నాకు ఆవిడ చాలాసేపు కనిపించింది. ఆ కన్ను నాదని నాకు తెలుసు. చెబితే తంతారు. మూటల సందులోకి ఒదిగిపోయాను.

మరుసటి వారం మా తాతయ్య తనూ వస్తానన్నాడు. ఆయన ఆ ఘాట్ మీదే ఏళ్ల తరబడి లారీ నడిపి మానేసిన మనిషి. రెండో మలుపు దగ్గర జీపు మళ్లీ ఉసూరుమంది. అందరం దిగాం. చిన్నాన్న మళ్లీ అవ్వ దిష్టి మాట ఎత్తేసరికి నాకు ఏడుపు ఆగలేదు.

"ఏటే గుంటా, ఎందుకలా ఏడుత్తన్నావు?" అన్నాడు తాతయ్య.

ఆయన్ని పక్కకి లాగి అంతా చెప్పేశాను. ఆయన తిట్టలేదు. "నీ కంటికి అంత బలముంటే నిన్నే బండికి కట్టి కొండెక్కించేద్దును గదే," అని నవ్వాడు. తర్వాత తన కండువా మడతలు పెట్టి నా ముక్కూ నోరూ మూసి కట్టాడు. సాపుగా ఉన్నచోట నడవమన్నాడు. నడిచాను. ఎత్తు మీదకి పరిగెత్తమన్నాడు. పది అడుగులకే గుండెలు ఎగిసిపడి కూలబడ్డాను. కండువా విప్పి అడిగాడు, "నీకు తిండి సాల్లేదా, గాలి సాల్లేదా?"

గాలేనన్నాను. అంతే, ఆయన బానెట్ ఎత్తి, ఇంజను గాలి పీల్చుకునే గొట్టం మూతిలో చెయ్యి దూర్చాడు. ఎర్రగుడ్డ మూట ఒకటి బయటికొచ్చింది. అందులో కల్లుప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు. దిష్టి తగలకుండా కట్టే మూట అది. ఎవరి కంటా పడకూడదని, అదేం గొట్టమో తెలియక అందులో కుక్కేసింది పిన్ని. పాపం, ఆ జీపు అన్నాళ్లూ ముక్కు మూసుకునే కొండెక్కింది.

పిన్ని తలొంచుకుని, "ఇంట్లో గుంటే అలా కళ్లార్పకుండా సూత్తంటే నానేటి సెయ్యను?" అని చిన్నాన్నతో మెల్లగా అంది. నా ప్రాణం చచ్చిపోయింది. నా చూపు పిన్నికి మొదటినుంచీ తెలుసు. బావగారి కూతుర్ని అనలేక అవ్వని అంది. నా కన్ను జీపుని ఆపలేదు. దానికి భయపడి పెట్టిన మూట ఆపింది.

జీపు ఘాట్ చకచకా ఎక్కుతోంది. నాలుగు మలుపుల తర్వాత గంపతో నడుస్తూ అవ్వ కనిపించింది. చిన్నాన్న ఆపాడు. పిన్నే దిగి, రమ్మని పిలిచింది. నేను కిందికి దూకి, జీపుకి తగిలింది ఆవిడ దిష్టి కాదని, తప్పు నాదని చెప్పాను. అవ్వ నా తల నిమిరింది, నవ్వింది కూడా. "నా కన్ను మంచిది కాదంట గదమ్మా. మీ బండి సల్లగుండనీ. నాను నడుత్తాను," అని అడవిలోని అడ్డదారి పట్టింది. తర్వాత ఎన్ని సంతలు జరిగినా, ఎన్నిసార్లు ఆపినా, ఆవిడ మా జీపెక్కలేదు.

కుళ్లు పోయిందా అంటే, పోలేదు. మొన్న మా తోడికోడలు అరకు దగ్గర కాఫీ తోట కొన్నదంటే నాకు రెండు రోజులు నిద్ర లేదు. కాకపోతే ఇప్పుడు ఫోను చేసి, "నాకు కుళ్లుగా ఉందే," అని ముందే చెప్పేస్తాను. మనవరాళ్లు పడీపడీ నవ్వుతారు. నవ్వనీ. ఆ మాట మొదటి వారమే మా తాతయ్యతో అని ఉంటే, ఆ ముసలి మనిషి ఘాట్ నడిచేది కాదు.