పూలగంప పింగాణీ పిల్ల

ఇప్పుడు నల్లగండ్లలో ఎవరి ఫ్లాటుకు వెళ్లినా అద్దాల అల్మారాలో పింగాణీ బొమ్మలుంటాయి. ఇంగ్లండు సరుకని గొప్పలు చెబుతారు. తిరగేసి అడుగున చేసినవాళ్ల ముద్ర చూశారా అని అడిగితే తెల్లమొహం వేస్తారు. మా అమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ పింగాణీ సంగతి ఆమెకు తెలిసినదాంట్లో వీళ్లకు పావువంతు తెలియదు.

అమ్మ కుమ్మరోళ్ల బిడ్డ. లింగంపల్లిలో ఒక రైల్వే దొర బంగళాలో పనిచేసేది. దొరసాని ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న బొమ్మల దుమ్ము తుడవడం అమ్మ వంతు. నాకప్పుడు తొమ్మిదేళ్లో పదేళ్లో, వెంట తీసుకెళ్లేది. ఒకరోజు ఒక బొమ్మ గౌను అంచును కిటికీ వెలుగుకు పట్టి, "చూడు, అవతల నా వేళ్లు కనవడ్తున్నయ్" అంది. సంతలో కుండను కొట్టి చూసినట్టు గోటితో మీటి నా చెవి దగ్గర పెట్టింది. పగులుంటే మోత మొద్దుగా వస్తుందట. బొమ్మ చంక కింద అచ్చు ముక్కలు అతికిన సన్నటి గీతను వెతికి పట్టుకునేది. "గీ బొమ్మ జేసినోడు మస్తు పనోడే. మా నాయినకు సూపియ్యాలె" అని మురిసిపోయేది.

దొరసానికి తెలుగు రాదు, అమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా ఆ అల్మారా ముందు ఇద్దరూ ఒకరికొకరు వేలితో చూపించుకుంటూ ఎంతసేపైనా నిలబడేవాళ్లు. నాకు ఆకలేసి సణుగుతుంటే పట్టించుకునేవాళ్లు కాదు.

నలభై ఏడులో దొరవాళ్లు సామాన్లు సర్దుకున్నారు. పోయేముందు దొరసాని అల్మారా తెరిచి, ఏదైనా ఒకటి తీసుకొమ్మని అమ్మకు సైగ చేసింది. అమ్మ ఆలోచించనే లేదు. పూలగంప పట్టుకున్న పిల్లను తీసుకుంది. జానెడు కూడా లేదు. గౌను అంచుకు బంగారు గీత, ఒక్కో వెంట్రుకా గీసినట్టుండే కనుబొమలు. అమ్మ పెళ్లి చీర కూడా ఎవరూ ఆమెను అడిగి కొనలేదు. తనకంటూ ఆమె ఏరుకున్నది అదొక్కటే.

మరుసటి ఏడు అమ్మకు దగ్గు పట్టుకుంది. దవాఖాన మందులకు తగ్గలేదు. బతుకమ్మ పండుగ దగ్గరికి వచ్చేసరికి మంచం దిగలేకపోయింది. ఇత్తడి సామాను తోమడం నా మీద పడింది. చింతపండు, బూడిద, కొబ్బరి పీచు పెట్టుకుని కూర్చున్నాను. బిందె, చెంబు, దీపపు కుందులు తళతళలాడాయి. అప్పుడు నా బుద్ధి గడ్డి తిన్నది. అమ్మ చూసి సంబరపడుతుందని గూట్లోని పింగాణీ పిల్లను కూడా తెచ్చాను. గౌను మడతల్లో గోధుమరంగు గీతలుంటే, వేసిన రంగని తెలియక మసి అనుకుని ఇంకా గట్టిగా రుద్దాను. కడిగి చూస్తే బంగారు అంచు లేదు. కనుబొమలు లేవు. ఒక కన్ను సగమే ఉంది.

అమ్మ దాన్ని ఎప్పుడూ మెత్తటి పాత చీరపేలికతో పొడిగానే తుడిచేది. రోజూ చూశాను. చూసి కూడా నేర్చుకోలేదు, నా మొహానికి.

గూట్లో గోడవైపు తిప్పి పెట్టాను. మూడో రోజు అమ్మ అడిగింది.

"బిడ్డా, నా పిల్లను జర తెచ్చియ్యవా."

తెచ్చి ఇచ్చి, గుంజ పట్టుకుని నిలబడ్డాను. అమ్మ దాన్ని వాకిలి వెలుగుకు తిప్పింది. బొటనవేలితో ముఖం మీద మెల్లగా రాసింది. కళ్ల దగ్గర వేలు ఆగింది. తర్వాత తలెత్తి, బూడిదకు పగిలిన నా చేతులను చాలాసేపు చూసింది.

"మస్తు మసి పట్టి ఉండె" అంది. "మంచిగ తోమినవ్ బిడ్డా."

మసి లేదని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ మాట వినగానే నా గుండె తేలికైపోయింది. తిట్లు తప్పాయి, అంతే నాకు కావలసింది. అమ్మ ఇంకా ఆ బొమ్మను ఒళ్లో పెట్టుకుని ఉండగానే వీధిలోకి ఆడుకోవడానికి పరుగెత్తాను.

పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాటికి అమ్మ లేదు. తప్పయిందని నేను చెప్పనే లేదు.