హెలిప్యాడ్ అంచున సున్నపు రాళ్ళు

ములకలపల్లి దాటిన కాసేపటికి తారు రోడ్డు ఆగిపోయింది. అక్కడి నుంచి మట్టిదారిలో పదకొండు కిలోమీటర్లు నడిచాం. జూలై, మధ్యాహ్నం మూడుంపావుకి పోలీసు క్యాంపు చేరాం. వాన. వీపు మీద ఇరవై రెండు కిలోల సంచి, భుజాన రైఫిల్, బూట్ల నిండా నీళ్ళు. ఇసుక మూటల మోర్చాలు నాలుగు, రేకుల షెడ్లు రెండు, నీళ్ళ ట్యాంకు ఒకటి, చుట్టూ ముళ్ళకంచె. కంచె లోపల తూర్పు పక్కన గులకరాళ్ళు పరిచిన హెలిప్యాడ్. నాకు మూడో నంబరు మోర్చా ఇచ్చారు. అక్కడి నుంచి హెలిప్యాడ్ నలభై అడుగులు. పదకొండు నెలలు దాన్ని చూస్తూ కూర్చున్నాను.

మా బొగ్గుబాయి కాలనీలో ఇప్పటికీ అడుగుతారు, "అడవిల ఏం జూసినవ్?" అని. వాళ్ళకు కాల్పుల కథ కావాలి. నేను పిట్టల గురించి మొదలుపెట్టగానే చాయ్ తాగేసి లేచిపోతారు. లేవనీ. నేను చూసినవి అవే.

తప్పు నాది కాదు, రిజిస్టర్‌ది. కంచె బయట కదిలినదల్లా రాయాలని కంపెనీ కమాండర్ ఆర్డర్. నాలుగు గళ్ళు: టైము, పేరు, ఊరు, ఎటు వెళ్ళారు. వానాకాలంలో మా వైపు మనిషన్నవాడు రాడు. మొదటి వారం పేజీలు ఖాళీ. ఖాళీ పేజీ అంటే నిద్రపోయినట్టే అని మెమో ఇచ్చారు. సరే అనుకున్నాను. 6.10, నెమళ్ళు మూడు, వాగు వైపు. 6.25, అడవికోడి ఒకటి, వెదురుపొదలోకి.

రేడియో ఆపరేటర్‌ది కూసుమంచి. సాయంత్రం ఆరింటికి ఆ పేజీ సెట్‌లో చదివేవాడు. ఒకరోజు చెవికి పెట్టుకున్న హెడ్‌ఫోన్ తీసి నావైపు చూశాడు.

"అన్నా, నెమళ్ళది ఏ ఊరని అడుగుతున్రు."

"అడవి అని చెప్పు."

"చెప్పిన. ఏ మండలం అంటున్రు."

తల బాదుకున్నాను. రాయడం మాత్రం మానలేదు. దసరాకు ముందు పాలపిట్ట కంచె తీగ మీద వాలింది. చలికాలం వాగు ఒడ్డున తోకలాడించే బూడిదరంగు పిట్టలు దిగాయి. ఫిబ్రవరిలో మోదుగ పూసింది, చెట్టు నిండా గోరింకలే. మార్చిలో పొద్దున 5.40కి ఇప్పపువ్వు తినడానికి ఎలుగుబంటి వచ్చింది. ఆ అలికిడికి క్యాంపు మొత్తం బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు తొడుక్కుని రెండు గంటలు బోర్లా పడుకుంది. అది తిన్నంత తిని, మావైపు చూడనైనా చూడకుండా పోయింది.

ఏప్రిల్‌లో తీతువు వచ్చింది. పొడుగు పసుపు కాళ్ళు, కళ్ళ ముందు ఎర్ర తోలు, నల్ల రొమ్ము. గూడు కట్టదు, గడ్డిపోచ పరవదు. హెలిప్యాడ్ అంచున గులకరాళ్ళ మధ్యనే నాలుగు గుడ్లు పెట్టింది. మట్టిరంగు, నల్లమచ్చలు. పక్కనే నిలబడినా కనపడవు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి కంచె పక్కకు వచ్చే కోయ పెద్దాయన్ని అడిగితే నెలకు రెండు రోజులు తక్కువ పొదుగుతుందని చెప్పాడు. ఆ రోజు నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అన్ని నెలలు కాపలా కాశాను కానీ దేన్ని కాస్తున్నానో ఒక్కరోజూ తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. ఆ నాలుగూ పిల్లలై నడవాలి. నాకు కావలసింది అదే.

భయం మా హవల్దార్‌తో. పెనుబల్లి మనిషి. తీతువు అరిచినప్పుడల్లా గులకరాయి విసిరేవాడు. అపశకునం అనుకుంటున్నాడని నేను అనుకున్నాను. అందుకే గుడ్ల సంగతి చెప్పలేదు. ఎవరి బూటూ పడకుండా చుట్టూ పిడికెడంత రాళ్ళు ఎనిమిది రింగుగా పేర్చాను.

"హవల్దార్ సాబ్‌కు ఓ మాట చెప్పరాదే," అన్నాడు ఆపరేటర్.

"చెప్తే ఎత్తి అవతల పారేస్తడు. నువ్వు నోరు మూసుకో."

ఇరవై ఒకటో రోజు సెట్‌లో మెసేజ్ వచ్చింది. ఎల్లుండి పదింటికి హెలికాప్టర్‌లో పెద్ద సారు తనిఖీ. క్యాంపులో తనిఖీ అంటే సున్నం. వరుసలో పేర్చి ఉన్న రాయి ఏదైనా తెల్లబడాల్సిందే. ఈ సంగతి నాకు పదిహేడేళ్ళ సర్వీసులో తెలియనిది కాదు. తెలిసీ రింగు పేర్చాను. మర్నాడు పొద్దున ఐదింటికి రేషన్ ఎస్కార్ట్‌లో పంపితే దాని ఊసే ఎత్తకుండా ములకలపల్లి వెళ్ళాను.

సాయంత్రం నాలుగున్నరకు తిరిగొచ్చాను. హెలిప్యాడ్ మెరిసిపోతోంది. నా రింగు కూడా. ఎనిమిది తెల్ల రాళ్ళు. మధ్యలో ఇంకో నాలుగు, చిన్నవి.

బియ్యం మూట అక్కడే పడేసి పరిగెత్తాను. పొడుగు కర్రకు కట్టిన కుంచెతో నిలబడి కొట్టుకుంటూ పోయారు, వంగి చూసిన వాడు లేడు. ఎండకు సున్నం పెంకు మీద గాలాడకుండా అట్టలా గట్టిపడింది. తడిగుడ్డతో ఒకదాన్ని తుడవబోయాను. పెంకు కిర్రుమంది. చెయ్యి తీసేశాను. తీతువు నా నెత్తి మీద తిరుగుతూ ఒకటే అరుపు.

హవల్దార్ వచ్చి చూశాడు. ముఖం మాడిపోయింది.

"ఇవి గుడ్లా? రింగు పెట్టింది నువ్వా?"

"అవ్ సార్."

"ముందే చెప్పొచ్చు కదయ్యా!"

"మీరు దాన్ని రాళ్ళతో కొడుతుంటే ఏం జెప్పాలె సార్?"

"కొట్టానా? బూట్ల కింద పడుతుందని తోలాను. ఒక్క మాట చెప్తే నేనే కాపలా పెట్టేవాణ్ణి కదా, ఏం మనిషివయ్యా నువ్వు!"

ఆయన మీద కోపం నిలవలేదు, నా మీద కోపం ఇప్పటికీ పోలేదు.

మర్నాడు పదింటికి క్యాంపంతా ఇస్త్రీ బట్టల్లో వరుసగా నిలబడింది. పదకొండున్నరకు ఆపరేటర్ షెడ్డులోంచి తల బయటపెట్టాడు.

"ప్రోగ్రామ్ క్యాన్సిల్. సారు ఇంకోదిక్కు వోయిండట."

వాడు సెట్ ఆపేసి, బూతు ఒకటి తిట్టి, మళ్ళీ ఆన్ చేశాడు.

తీతువు గుడ్ల మీదకు తిరిగొచ్చింది. ఎండ ముదిరినప్పుడు ట్యాంకు కింద నీళ్ళ మడుగులో పొట్ట తడుపుకుని వచ్చి కూర్చునేది. సున్నం అంటి నల్ల రొమ్ము కిందంతా తెల్లబడింది. నీళ్ళ కోసం మమ్మల్ని రోజూ తిట్టే హవల్దార్ ఆ ట్యాంకు కొళాయి కొద్దిగా వదిలేసి పోవడం నేను చూశాను. బాగు చేయించండని ఎవరైనా అంటే కసిరేవాడు.

ఇరవై ఎనిమిదో రోజు పొద్దున నాలుగున్నరకే లేచి మోర్చాలో కూర్చున్నాను. ఏమీ జరగలేదు. ముప్పయ్యో రోజూ అంతే. నలభై దాటింది. "ఇగ లేవదా అన్నా అది?" అని ఆపరేటర్ రోజూ అడిగేవాడు. అడగొద్దని ఒకరోజు వాడి మీద అరిచాను.

జూన్ రెండో వారం మా స్థానంలోకి కొత్త కంపెనీ వచ్చింది. ముందురోజు రాత్రి నుంచి పెద్ద వాన. రిజిస్టర్ అప్పగించే ముందు చివరి వరుస రాశాను. పేరు: తీతువు. ఊరు: హెలిప్యాడ్. ఎటు వెళ్ళారు: ఎక్కడికీ వెళ్ళలేదు.

సంచి ఎత్తుకుని హెలిప్యాడ్ పక్కగా నడిచాను. అది అరుచుకుంటూ లేచింది. రాత్రంతా కురిసిన వానకు సున్నం కరిగిపోయింది. నాలుగు గుడ్లూ మట్టిరంగులో, నల్లమచ్చలతో, మొదటిరోజు నేను చూసినప్పటిలాగే ఉన్నాయి. నేను పది అడుగులు దాటానో లేదో, అది దిగి వాటిని పొట్ట కిందికి సర్దుకుని వానలోనే కూర్చుంది.