కొత్త అల్లుడి యోయో

ఆ రోజుల్లో నాకో నమ్మకం ఉండేది. ఇంట్లో ఏ వస్తువు మొరాయించినా, దాన్ని విప్పేస్తే సగం బాగైపోయినట్టేనని. (మిగతా సగం నాన్న మెకానిక్కుని పిలిపించి చేయించేవారు.) ఆ నమ్మకంతోనే, ఇంటర్ మొదటి ఏడాదిలో, మనుగుడుపులకి వచ్చిన కొత్త బావ యోయోని ఆయన్ని అడక్కుండా విప్పాను. అది ఆ రోజు నేను చేసిన తప్పు. మర్నాడు చేసినది ఇంకా పెద్దది.

మాది పాలకొల్లు, నాన్నకి స్టీలు సామాన్ల కొట్టు. బావవాళ్లది మండపేటలో బియ్యం వ్యాపారం. ఆయన ఎంత తక్కువ మాట్లాడేవారంటే, పెళ్లిలో ఆయన నోట నేను విన్నవి పురోహితుడు చెప్పించిన మంత్రాలే. అలాంటి మనిషి పెట్టెలో మడత బట్టల మీద మెరిసిపోతున్న అల్యూమినియం యోయో కనిపిస్తే ఊరుకోగలనా? ఆయన స్నానానికి వెళ్లగానే తీసి విసిరాను. తాడు చివర గిర్రున తిరుగుతూ అక్కడే ఉండిపోయింది. లాగాను, రాలేదు. గట్టిగా లాగాను, అయినా రాలేదు. తీర్థంలో కొన్న నా ప్లాస్టిక్ యోయో ఇలా లాగితే అలా చేతిలోకొచ్చేది. పాపం, బావ పాడైపోయినదాన్ని పట్టుకు తిరుగుతున్నారనుకున్నాను.

తిప్పితే రెండు ముక్కలూ ఊడొచ్చాయి. మధ్యలో చిన్న బేరింగు, దానికి అటూ ఇటూ పల్చటి వాషర్లు, చుట్టూ గాడిలో లోపలికి ఒదిగిన రబ్బరు రింగులు. నా యోయోలో ముక్కల మధ్య సందు తాడు పట్టేంతే ఉండేది. ఇందులో మూడు తాళ్లు పడతాయి. రోగం తెలిసిపోయిందనుకున్నాను. వాషర్లు తీసేసి సందు తగ్గించాను. అరిగిపోయాయనుకున్న రబ్బరు రింగుల మీద అక్క మఖమల్ బొట్టుబిళ్ళలు వరసగా అంటించాను. ఇప్పుడు విసిరితే గోడకి కొట్టిన బంతిలా తిరిగొచ్చింది. బావ ఎంత సంతోషిస్తారో అనుకుంటూ, చప్పుడు చెయ్యకుండా పెట్టెలో పెట్టేశాను.

సాయంత్రం అక్క, వాళ్లాయన యోయో తాడుతో ఉయ్యాల కట్టి, అందులో యోయోని ఊపుతారని చెప్పి వీధిలో వాళ్లందరినీ పిలిచింది. బావ సిగ్గుపడుతూనే పట్టుపంచె సర్దుకుని విసిరారు. ఉయ్యాల కట్టాలంటే యోయో కింద చాలాసేపు తిరుగుతూ ఉండాలి. ఇదేమో కిందికి వెళ్లీ వెళ్లకముందే దూసుకొచ్చి ఆయన కనుబొమ్మకి తగిలింది. రెండోసారి ముక్కుకి. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. తర్వాతే నాకు సంగతి అర్థమై నవ్వు ఆగింది.

బావ యోయోని చొక్కా జేబులో వేసుకుని కిటికీ పక్కన కూర్చుండిపోయారు. రాత్రి భోజనంలో పూతరేకు ముట్టుకోలేదు. కొత్త అల్లుడు పూతరేకు వదిలేస్తే మా ఇంట్లో దానికి ఒకటే అర్థం, అలిగాడని. మర్నాడు పొద్దున్నే నాన్న మెల్లిగా వాచీ సంగతి కదిపారు. "ఏం లేదండి మావయ్యగారు" అన్నారు బావ. ఉంగరం అన్నారు నాన్న. "అయ్యో, ఏం లేదండి." ఆయన ఎంత మర్యాదగా వద్దంటే నాన్నకి అంత పెద్ద కోరికలా వినిపించేది. చివరికి నానమ్మ తేల్చేసింది.

"బండి కావాలిరా. నోరు తెరిచి అడగలేకపోతున్నాడు ఆ అబ్బాయి."

నాన్న షోరూమ్‌కి వెళ్లడానికి చొక్కా వేసుకుంటున్నారు. ఇదంతా వింటూ నేను ఇడ్లీలు తింటున్నాను. పెద్ద తప్పన్నానే, అది ఇదే. వంటింట్లో అక్క అమ్మతో అంటున్న మాట వినపడింది.

"పెళ్లికి ముందు ఏమీ వద్దన్నారు కదమ్మా. ఇలాంటివారనుకోలేదు."

ఇడ్లీ పళ్లెం పక్కన పెట్టి లేచాను. కిటికీ దగ్గర బావ ఉన్నారని తెలిసీ, అక్కకి వినపడేలా చెప్పాను.

"బండి వద్దు నాన్నా. బావ అలగలేదు. ఆ యోయో నేనే పాడుచేశాను."

అత్తారింట్లో అందరి ముందూ విప్పి చూసుకోవడానికి మొహమాటపడ్డారట బావ. ఇప్పుడు విప్పి, బొట్టుబిళ్ళలు చూసి నవ్వారు.

"నా చేతి నేర్పే పోయిందనుకున్నానయ్యా" అన్నారు.

అప్పుడు చెప్పారు. సందు ఎక్కువుంటేనే తాడు అంచులకి రాసుకోదు, యోయో ఎంతసేపైనా తిరుగుతుంది. పైకి రప్పించాలంటే తాడు మడిచి లోపలికి అందించాలి, అప్పుడే రబ్బరు పట్టుకుంటుంది. అంతా విన్న నానమ్మ, "పిలిస్తే రానిదానికి ఇంత ఖర్చెందుకు, బండే నయం" అంది.

కొబ్బరినూనెతో జిగురు తుడిచి, వాషర్లు వాటి చోట పెట్టాను. ముందు అక్క దగ్గరికెళ్లాను. క్షమించమనబోయాను. అక్క మాత్రం, "నాక్కాదు, వీధిలో వాళ్లకి చెప్పు" అంది. నవ్విన ప్రతి ఇంటికీ వెళ్లి, నిన్నటి తప్పు నాదని, మళ్లీ రమ్మని పిలిచాను. "ఈసారి దూరంగా కూర్చోవచ్చా?" అని అడిగింది పక్కింటి పిన్ని. అందరూ వచ్చారు. బావ ఉయ్యాల కట్టి ఊపారు. అక్క యోయోని కాదు, చూసేవాళ్ల మొహాల్నే చూస్తూ నిలబడింది.

వీధి చివర మామ్మగారు మోకాళ్ల నొప్పులతో రాలేనంటే, బావనే ఆవిడ అరుగు దగ్గరికి తీసుకెళ్లి ఇంకోసారి చేయించాను. తిరిగొచ్చేటప్పుడు ఆయన దారంతా నా భుజం మీద చెయ్యి తియ్యలేదు. ఆ యోయోని తయారుచేసింది నేనే అన్నట్టు ఛాతీ విరుచుకుని నడిచాను. ఆ నడక తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గూ, నవ్వూ కలిసే వస్తాయి.