కుర్చీల బాబాయి గెలిచిన ప్రపంచ పోటీలు

మనిషన్నవాడు నిలబడి కనిపిస్తే చాలు, కుర్చీల బాబాయికి ఒళ్ళు కుదురుగా ఉండదు. వెంటనే ఎక్కడినుంచో ఒక కుర్చీ లాక్కొచ్చి, "కూర్చోండి, కూర్చుని మాట్లాడుకుందాం" అంటాడు. పెళ్ళిళ్ళకూ సభలకూ కుర్చీలు అద్దెకివ్వడం ఆయన వ్యాపారం. ఆ వ్యాపారం వల్ల ఈ జబ్బు పట్టుకుందని కొందరూ, ఈ జబ్బు ఉండబట్టే ఆ వ్యాపారం పెట్టాడని కొందరూ అంటారు.

ఒకసారి ఏదో సభలో ముఖ్య అతిథి మాట్లాడటానికి లేచాడు. వెనకనుంచి బాబాయి, "అయ్యో, కూర్చోండి సార్, కూర్చోండి!" అని కేకేశాడు. జనం కూడా అందుకున్నారు. పాపం ఆ పెద్దమనిషి నోరు తెరవకుండానే కూర్చున్నాడు. ఊళ్ళో అంత బాగా జరిగిన సభ మరొకటి లేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంకోసారి పెళ్ళిలో ఫొటోకి నిలబడ్డ వెనక వరసను చూడలేక వాళ్ళకీ కుర్చీలు వేశాడు. ఆ ఫొటోలో పెళ్ళికొడుకు తరఫువాళ్ళంతా నుదుళ్ళే.

ఆయన మాట వినని మనిషి ఒక్కతే ఉంది, సొంత అన్నకూతురు. ఆమె పెద్ద బట్టల కొట్టులో సేల్స్‌లో పనిచేసేది. కొట్టు తెరిచింది మొదలు మూసేదాకా అక్కడి ఆడపిల్లలు నిలబడే ఉండాలి. కస్టమరు ముందు కూర్చుంటే మర్యాద కాదని షావుకారుగారి సిద్ధాంతం. సాయంత్రానికి పాదాలు పొంగి చెప్పులు పట్టేవి కావు. పనంటే ప్రాణమే గానీ, ఇక మానేయక తప్పదని ఆమె మనసులో అనుకుంటూ ఉండేది. ఇంటికి పోతూ బాబాయి గోడౌను దగ్గర ఆగి, గుమ్మం పట్టుకునే మాట్లాడేది.

"కూర్చోవే."

"వద్దు బాబాయ్. కూర్చుంటే మళ్ళీ లేవలేను."

విచిత్రం ఏమిటంటే, ఆమెను మాత్రం బాబాయి రెండోసారి అడిగేవాడు కాదు.

అంతలో పక్కనున్న మహానగరానికి ఫుట్‌బాల్ ప్రపంచ పోటీలు వచ్చాయి. బయటి బస్సుల్ని నగరంలోకి రానివ్వరట, జనమంతా ఈ చిన్న ఊళ్ళో దిగి రైలెక్కాలట. ఊళ్ళో వ్యాపారులకు నోరూరింది. తీరా మొదటి మ్యాచ్ నాడు జనం బస్సులు దిగారు, బజారు వెంట గబగబా నడిచారు, స్టేషన్లోకి వెళ్ళిపోయారు. ఒక్కడూ ఆగలేదు.

వ్యాపారుల సంఘం మీటింగు పెట్టింది. ఒకాయన రంగు దీపాలు పెడదామన్నాడు, ఇంకొకాయన మైకులు కడదామన్నాడు.

"ముందు వాళ్ళని కూర్చోబెడదాం" అన్నాడు బాబాయి.

అందరూ పగలబడి నవ్వారు. షావుకారు ఇంకా గట్టిగా నవ్వి, "నా కొట్టు ముందు మాత్రం ఒక్క కుర్చీ వేసినా ఊరుకోను" అన్నాడు.

రెండో మ్యాచ్ నాటికి బాబాయి గోడౌను ఖాళీ చేసి బజారు పొడవునా కుర్చీలు పరిచాడు. మొహానికి జెండా రంగులు పూసుకున్న ఒక బొద్దు మనిషి అనుమానంగా ఒక కుర్చీ అంచున కూర్చున్నాడు.

"పూర్తిగా కూర్చో బాబూ, నీ సొంత కుర్చీ అనుకో!" అన్నాడు బాబాయి.

భాష తెలియకపోయినా భావం అందింది. అతను వెనక్కి వాలి బూట్లు విప్పాడు. బూట్లు విప్పినవాడు అంత తొందరగా లేవడు. కాసేపటికి దాహం వేసింది, ఆ తర్వాత ఆకలి వేసింది, ఆ తర్వాత ఎదురుకొట్లో టోపీలు కంటపడ్డాయి. అతని పక్కన అతని దేశమంతా కూర్చుంది. మధ్యాహ్నానికి హోటళ్ళలో గిన్నెలు అడుగంటాయి. మంగలిషాపు ముందు ఎన్నడూ చూడని రంగుల గడ్డాలు వరస కట్టాయి. తర్వాతి మ్యాచ్‌కి జనం ముందురోజే వచ్చి లాడ్జీలు నింపేశారు. ఒక్క గోలూ కొట్టకుండా ఊరు ఊరంతా గెలిచేసింది.

బట్టల కొట్టు ముందు మాత్రం ఈగలు కూడా వాలలేదు. షావుకారు ఇక ఉండబట్టలేక గోడౌనుకు వచ్చాడు. కుర్చీలు మోయడానికని బాబాయి అన్నకూతుర్నే వెంటబెట్టుకొచ్చాడు.

"ఏమయ్యా, నాకూ కాసిని కుర్చీలు పంపించు. అద్దె ఎంతైనా సరే."

"అద్దె వద్దండి. బయట ఎన్ని వేస్తే లోపల కౌంటర్ల వెనక అన్ని వేయాలి. ఆడపిల్లలు కూర్చుని అమ్ముతారు."

అన్నకూతురు ఉలిక్కిపడింది.

"కుదరదు! కస్టమరు ముందు కూర్చోవడమేమిటి, మర్యాదేనా?" అన్నాడు షావుకారు.

"అయితే మీ ఇష్టం."

బేరం సాగింది. షావుకారు బతిమాలాడు, బెదిరించాడు, ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకున్నాడు. బాబాయి తాను మాత్రం హాయిగా కుర్చీలో కూర్చుని వింటున్నాడు. చివరికి షావుకారు కూడా గుమ్మం పట్టుకున్నాడు.

"ఊళ్ళో అందర్నీ కూర్చోమంటావు, నన్నొక్క మాట అనవేమయ్యా?"

"ఎలా అంటానండీ? మొన్న మీ కొట్లోనే చొక్కా కొన్నాను. నేను మీకు కస్టమర్ని. నా ముందు మీరు కూర్చుంటే మర్యాదేనా?"

"సరే, లోపలా వేయించు! ముందు నాకో కుర్చీ పడెయ్యి తండ్రీ!" అన్నాడు షావుకారు. బాబాయి పరుగున వెళ్ళి దిండున్న కుర్చీ తెచ్చాడు. అన్నకూతురికి బాబాయిని భుజాల మీద ఎక్కించుకుని బజారంతా ఊరేగించాలనిపించింది.

"ఇన్నాళ్ళూ నన్ను రెండోసారి అడగలేదేం బాబాయ్?" అంది, షావుకారు వెళ్ళాక.

"ఇక్కడ కూర్చుంటే ఏం లాభమే? నీకు కుర్చీ కావలసింది అక్కడ కదా."

ఆమె పని మానలేదు. పోటీలు అయిపోయాయి, బజారులో కుర్చీలన్నీ గోడౌనుకు చేరాయి. కౌంటర్ల వెనకవి తీసుకుపొమ్మని షావుకారు కబురు పెడితే, లారీ చెడిపోయిందన్నాడు బాబాయి. అది ఇప్పటికీ బాగుపడలేదు. పెళ్ళిళ్ళకు మాత్రం రోజూ చక్కగా తిరుగుతోంది.