పంకా పాట

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు ఫోనులో ఒక పాట పంపింది. తనే రాసి, తనే పాడి, తన గదిలోనే రికార్డు చేసుకుందట. "అమ్మమ్మా, ఎలా ఉందో చెప్పు. బాగుందని మాత్రం చెప్పకు, అది అందరూ చెబుతారు" అని కింద ఒక ముక్క రాసింది. ఇంకా ఎవరెవరికి పంపావే అని అడిగితే, ఎక్కడెక్కడి వాయిద్యగాళ్ళో వింటారని, వాళ్ళ ముఖాలు కూడా తనకు తెలియవని, వాళ్ళు చెప్పిన తప్పులు దిద్దుకుని మళ్ళీ పంపుతానని చెప్పింది. అన్నం తిని కాసేపు నడుం వాలుద్దామనుకున్నదాన్ని, నిద్ర మానుకుని వరండాలో కూర్చున్నాను. తప్పులు చెప్పించుకోవడానికి మేమైతే బస్సెక్కి హనుమాన్ జంక్షన్ దాకా వెళ్ళాం.

డెబ్భైల నడిమి సంగతి. భవానీపురంలో మాది రెండు గదుల అద్దె ఇల్లు. ఎండాకాలం సాయంత్రాలు కృష్ణ మీంచి గాలితో పాటు ఇసుక కూడా వచ్చేది. మంచాలు దులిపి పక్కలు వేసుకోవడం మాకు అలవాటు. నాన్న పోయాక ఇంటికి పెద్ద మా అన్నయ్యే. రైల్వేలో సిగ్నళ్ళ పని చేసేవాడు. నేను ఇంటర్ అయిపోయి టైపు నేర్చుకుంటూ, ఆదివారాలు చర్చి క్వయర్‌లో రెండో వరసలో నిలబడి పాడుతూ ఉండేదాన్ని. రెండో వరస అని ఎందుకు చెబుతున్నానంటే, ముందు వరసలోకి రమ్మంటే జ్వరం వచ్చే రకం నేను. అన్నయ్య నాకు పూర్తిగా విరుద్ధం. కొత్తది ఏది చేతికొచ్చినా నలుగురికీ చూపించేదాకా అన్నం సహించేది కాదు. గిటారు కొన్న రోజున దాన్ని భుజాన వేసుకుని, అవసరం లేకపోయినా కూరగాయల మార్కెట్ మీదుగా ఇంటికొచ్చాడు.

రైల్వే కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ ఇంజన్ డ్రైవరు గారుండేవారు. మేం డ్రైవర్ అంకుల్ అనేవాళ్ళం. మనిషి భారీగా, ముఖం ఎప్పుడూ బొగ్గు దగ్గర కాగినట్టు ఎర్రగా ఉండేది. రైల్వే క్లబ్బులో డాన్సులు జరిగినప్పుడు, పాట కింద మంద్రంగా మోగే బేస్ గిటారు వాయించేవారు. ఓడల్లో పనిచేసే బంధువు ఒకాయన ఆయనకి విదేశీ రికార్డులు తెచ్చిపెట్టేవాడు. అలా వచ్చినవాటిలో ఒకటి అన్నయ్యకి వినిపించారు. అమెరికాలో నల్లజాతివాళ్ళు చర్చిలో పాడుకునే దేవుడి పాటలు, మనం ఎరిగిన నిమ్మళం ఏమీ లేకుండా, గ్రామఫోను మీద దిండు కప్పినా గోడలు అదిరేటట్టు. తాళంలో నాలుగు దెబ్బలుంటే మొదటిదాని మీద అందరూ ఒక్కసారి దిగుతారు. తర్వాత ఎవరి దారిన వాళ్ళు తిరిగి, మళ్ళీ మొదటి దెబ్బకి ఇంటికి చేరుకుంటారు. ఈ తరహా వాయింపుని ఫంక్ అంటారని అన్నయ్య ఇంటికొచ్చి చెబితే, వంటింట్లో ఉన్న అమ్మకి పంకా అని వినిపించింది. "పంకా మీద పాటేంట్రా, కరెంటుంటేగా" అంది. ఆ రోజునుంచి మా ఇంట్లో దాని పేరు పంకా పాటే.

విని ఊరుకుంటే అన్నయ్య ఎందుకవుతాడు? సొంతంగా ఒక పాట కట్టాడు. మా చర్చిలో ఏటా కోతల పండుగ జరిగేది. చుట్టుపక్కల పల్లెల విశ్వాసులు తొలిపంటలోంచి వరికంకులు, గుమ్మడికాయలు, పెరుగు కుండలు, కాళ్ళు కట్టిన కోళ్ళు తెచ్చి దేవుడికి ఇస్తే, పందిట్లో వాటిని వేలం వేస్తారు. ఆ పండుగకి పాడించాలని వాడి కోరిక. "ఊడ్చిన మడికీ నీవే సాక్షి, నూర్చిన కుప్పకూ నీవే సాక్షి" అని పల్లవి. ఒకళ్ళు అడుగుతున్నట్టు పాడితే పదిమంది జవాబు చెప్పాలి. అడిగే గొంతు నాదేనని వాడే నిర్ణయించేశాడు.

ఆదివారం మధ్యాహ్నాలు మా నడిమి గదిలో రికార్డింగు. కిటికీలకి బొంతలు కట్టేవాళ్ళం. డ్రైవర్ అంకుల్ తన క్యాసెట్ రికార్డరు తెచ్చి స్టూలు మీద పెట్టేవారు. ఆయన బేస్ గిటారు వైరుని అన్నయ్య మా పాత వాల్వు రేడియోకి కలిపాడు. గోనెసంచి కప్పిన చెక్కపెట్టె పెద్ద డ్రమ్ము. దాన్ని అన్నయ్యే మడమతో తన్నేవాడు. చెంబులో గుప్పెడు బియ్యం పోసి నేను ఊపేదాన్ని. ఉక్కతో చెమటలు కారిపోతుండగా సరిగ్గా చరణం కుదిరే వేళకి గూడ్సు బండి కూత పెట్టేది. అంకుల్ వాయించడం ఆపి, కూత విని, అది ఏ బండో, లోపలున్న డ్రైవరు ఎవరో కూడా చెప్పి, మళ్ళీ మొదలుపెట్టేవారు. ఎలాగో ఒక టేపు పూర్తయింది. రెండో చరణం దగ్గర అమ్మ వేసిన తాలింపు చిటపట కూడా అందులో పడింది.

తప్పులు చెప్పడం అంకుల్‌తోనే మొదలైంది. టేపు విన్నాక అన్నయ్య భుజం మీద చెయ్యేసి, "తమ్ముడూ, నువ్వు చాలా ఎక్కువ ప్లే చేస్తున్నావ్. కొంచెం ఊరికే ఉండు మ్యాన్. నువ్వు ఊరుకుంటే అక్కడికి నేను వస్తాను" అన్నారు. అన్నయ్య నవ్వి తల ఊపాడు కానీ ఆ రాత్రి అన్నం కెలికి లేచిపోయాడు.

తర్వాత క్వయర్ మాస్టారి దగ్గరికి పట్టుకెళ్ళాం. ఆయన హెడ్మాస్టరుగా రిటైరై, చర్చిలో హార్మోనియం వాయించేవారు. ఏ పాట పాడాలో, ఏది పాడకూడదో ఆయన మాటే మాట. వాలుకుర్చీలో కళ్ళు మూసుకుని మొత్తం విన్నారు. "మాటలు ఎవరివిరా? బానే ఉన్నయ్. కానీ అవి దేవుడికి వినపడతయ్యేమో గానీ మనుషులకి వినపట్టంలా, ఆ ధనధన కింద పడి నలిగిపోతన్నయ్" అన్నారు. అంతలోనే, "మధ్యలో చిటపటమని ఏదో వచ్చింది, అదేంటో గానీ బాగుంది" అన్నారు. పండుగలో పాడొచ్చా అని అన్నయ్య అడిగేశాడు. మాస్టారు తన పాదాల వంక చూసుకున్నారు. "ఇది వింటంటే నా కాళ్ళు కదిలినయ్ రా. ఈ వయసులో నాకే ఇట్టా ఉంటే, రేపు ఆరాధనలో కుర్రకారుని ఎవరు ఆపుతారు? చూద్దాంలే. టేపూ, ఆ రికార్డరూ ఇక్కడుంచి వెళ్ళు" అన్నారు. చూద్దాంలే అంటే కుదరదని అర్థమని మా ఇద్దరికీ తెలుసు. టేపు వారం తర్వాత వెనక్కొచ్చింది, మాటేమీ లేకుండా.

ఇంకొకరైతే ఊరుకునేవాళ్ళు. అన్నయ్య రికార్డరు గుడ్డసంచిలో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని హనుమాన్ జంక్షన్ బస్సెక్కాడు. అక్కడ లారీ ఆఫీసులో బుకింగు చూసే ఒకాయన డోలక్‌లో మొనగాడని పేరు. భజనలకి, నాటకాలకి, పెళ్ళిళ్ళకి ఎక్కడ పిలిచినా వెళ్ళేవారు. తనంతవాడు కృష్ణా జిల్లాలో లేడని తనే ముందుగా చెప్పి కూర్చునేవారు. మాకు డోలక్ గారు. బయట లారీల హారన్లు, లోపల బల్ల మీద మా టేపు. ఆయన టీ తాగుతూ, రెండు వేళ్ళతో బల్ల మీద కొడుతూ విన్నారు. పాట అయిపోయాక అన్నయ్యతో, "ఆ పెట్టెని తన్నేదెవరు? నువ్వా? మానెయ్. నేను వచ్చి కొడతా" అన్నారు. అన్నయ్య ముఖం వెలిగిపోయింది. అప్పుడు నా వైపు తిరిగారు. "చెల్లెమ్మా, ఏమీ అనుకోమాక. గొంతు బంగారం. కానీ నువ్వు పాడతన్నట్టు లేదు. ఎవరో తిడతారని ముందే సంజాయిషీ చెప్పుకుంటన్నట్టుంది."

బస్సులో తిరిగొస్తుంటే కిటికీ పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకోవడం కూడా చేతకాక, దుమ్ము పడిందని అబద్ధం ఆడాను. రోడ్డుకి రెండు వైపులా వరి పొట్టకొచ్చి ఉంది. అన్నయ్య డోలక్ గారి మాటలు తలుచుకుంటూ ఒడిలో తాళం వేసుకుంటున్నాడు. ఇంటికి చేరాక చెప్పేశాను. "వేరే ఎవరిచేతనైనా పాడించుకో. నావల్ల కాదు." వాడు బతిమాలలేదు. "సరే అమ్మాయ్, ఆలోచిద్దాం" అని గిటారు గోడకి ఆనించాడు. అది కొన్నాళ్ళు అలాగే ఉండిపోయింది. అన్నయ్య చేతిలో గిటారు లేని ఇల్లు ఎంత బోసిగా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున నేను టైపు క్లాసుకి బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటుంటే పెరట్లోంచి పాట వినిపించింది. అమ్మ చాటతో బియ్యం చెరుగుతోంది. పెదాల మీద మా పంకా పాట. చాట ఎగరేసి దించినప్పుడల్లా 'సాక్షి' అన్న మాట సరిగ్గా దెబ్బ మీద పడుతోంది. మధ్యలో రాయో మెరిగో ఏరడానికి ఆగుతోంది. ఆగినంతసేపు పాట కూడా నిశ్చింతగా ఆగుతోంది. ఎవరు వింటున్నారన్న ధ్యాస లేదు, ఎవరికీ జవాబు చెప్పుకునే పని లేదు. గడప మీదే కూర్చుండిపోయాను. ఎప్పుడు నేర్చుకున్నావమ్మా అని అడిగితే, "ఆదివారం ఆదివారం చెవులు హోరెత్తిస్తిరిగా, ఇంక నేర్చుకునేదేముంది" అంది. నువ్వు కూడా నాతో పాడు, జవాబు నువ్వు చెబితే నేను అడుగుతాను అన్నాను. "పాడేందుకేం గానీ, ఆ బొంతల చాటున మాత్రం ఉడకలేను. వరండాలో అయితే వస్తా" అంది.

రెండో టేపు వరండాలో తయారైంది. అన్నయ్య సగానికి సగం వాయించడం మానేశాడు. డోలక్ గారు సెలవు పెట్టి వచ్చి, అమ్మ చేసిన పెసరట్లు ఎన్ని పెడితే అన్ని తిని, అద్భుతంగా కొట్టారు. అంకుల్‌కీ ఆయనకీ దెబ్బ ఎక్కడ పడాలన్న దాని మీద పెద్ద వాదం నడిచింది. ఒకరి తెలుగు ఒకరికి సగమే అర్థమవడం వల్ల స్నేహం చెడలేదు. అమ్మ వెనకాల పక్కింటి ఆడవాళ్ళు కూడా చేరి జవాబు పాడారు. మాస్టారు ఆ టేపు విని, ఈసారి కళ్ళు తెరిచే ఉంచారు. "ఆరాధనలో వద్దు. పాస్టరు అయ్యగారిని నేను ఒప్పించలేను. వేలంపాటకి ముందు పందిట్లో పాడుకోండి. వేలంపాటా ఒక పాటేగా" అన్నారు.

పండుగ రోజున పందిరి కిక్కిరిసింది. ఒక పక్క ధాన్యం బస్తాలు, మరో పక్క కోళ్ళ గోల. నేను ముందు వరసలో నిలబడ్డాను. నా వెనక వరసే లేదు, జవాబు చెప్పే అమ్మ వాళ్ళు ఒక పక్కన చాప మీద కూర్చున్నారు. పల్లవి బాగానే దాటింది. మొదటి చరణంలో ఉండగా కరెంటు పోయింది. అంకుల్ గిటారుకి కలిపిన రేడియో మూగబోయింది. అంకుల్ వేళ్ళు తీగల మీద కదులుతున్నాయి కానీ శబ్దం లేదు. పాట కింది నేల జారిపోయినట్టయింది. కోళ్ళ గోలలో అన్నయ్య గిటారు ఆనడం లేదు, డోలక్ ఒక్కటే వినిపిస్తోంది. పెద్దలు కొందరు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నేను ఆగిపోయేదాన్నే, కానీ అమ్మ వాళ్ళు జవాబు చెప్పేశారు. జవాబు వచ్చాక అడగకపోతే ఎలా? ఎంత గొంతుందో అంతా ఎత్తి రెండో చరణం అందుకున్నాను.

అప్పుడు కింద ఏదో వచ్చి చేరింది. హార్మోనియం. మాస్టారు చాప మీద కూర్చుని, మంద్రంలో, అంకుల్ వాయించే బేస్ వరసనే స్వరం తప్పకుండా వాయిస్తున్నారు. మొదటి టేపు వారం రోజులు అట్టేపెట్టుకున్నది ఎందుకో అప్పుడు తెలిసింది. అంకుల్ మూగ గిటారుని ఒడిలో పడుకోబెట్టి, ఆయన వైపు చూస్తూ నోరు తెరిచేశారు. పందిట్లో చప్పట్లు మొదలయ్యాయి. మాస్టారి కాళ్ళు చాప మీద కదులుతూనే ఉన్నాయి. అయ్యగారు చూసీ చూడనట్టు గుమ్మడికాయలు సర్దుతూ, పాట అయిపోగానే ఇంకోసారి పాడమన్నారు.

రెండోసారీ పాడాక అందరూ బాగుందన్నారు. డోలక్ గారు మాత్రం దగ్గరికొచ్చి, "రెండో చరణంలో తొందరపడ్డావు చెల్లెమ్మా. అయినా ఫర్లేదు, దిద్దుకోవచ్చు" అన్నారు. ఈసారి నాకు ఏడుపు రాలేదు. ఎక్కడ తొందరపడ్డానో చూపించమని అక్కడే నిలబెట్టి అడిగాను. కోళ్ళ వేలం పూర్తయ్యేదాకా ఆయన చూపిస్తూనే ఉన్నారు.

మరుసటి ఏడు ఆ పాట ఆరాధనలోకే వచ్చింది, కాస్త నెమ్మదించి. అంకుల్ కాజీపేట బదిలీ అయి వెళ్ళిపోయారు. మాస్టారూ, డోలక్ గారూ, అమ్మా ఇప్పుడు లేరు. టేపుల్ని ఎవరో విని ఇస్తామని పట్టుకెళ్ళారు. ఎవరో అన్నయ్యకీ గుర్తులేదు, నాకూ లేదు. మూడోది ఇంకా బాగా చేద్దామని అనుకుంటూనే నా పెళ్ళి, వాడి ప్రమోషను, పిల్లలు. అందుకు దిగులేమీ లేదు. ఆ పాట ఎప్పటికి కుదురుతుందా అని మేం తొందరపడ్డ ఆ కొద్ది నెలల్లోనే, కాలం మా ఇంట్లో తీరిగ్గా కూర్చుని ఉందని ఇన్నేళ్ళకి తెలుస్తోంది.