సముద్రంలో మా లారీ

ఆ రోజుల్లో మా దీవులకు ఇంటర్నెట్ ఆకాశం నుంచి దిగేది. అదీ ఉపగ్రహం దయతలచి, రెండు చినుకుల మధ్య సందు దొరికితేనే. మబ్బు పట్టిందంటే రాదు; మా అండమాన్‌లో మబ్బు పట్టని రోజు బహు తక్కువ. జాలర్ల వలలో చేపలైనా పడేవి గానీ, నా వలలో సగం పేజీ కూడా పడేది కాదు. అలాంటి చోట, వైజాగ్‌లో కంప్యూటర్ కోర్సు ముగించి ఓడెక్కి తిరిగొచ్చిన నేను, బళ్ళన్నీ ఎక్కడెక్కడున్నాయో కుర్చీలోంచే చూపించే పోర్టల్ పెడతానని మామయ్యకు మాటిచ్చేశాను. (ఆ వయసులో మాటివ్వడానికి సిగ్నల్ అక్కర్లేదు కదా!)

మామయ్యది బాంబూఫ్లాట్ జెట్టీ పక్కనే లారీల ఆఫీసు. బళ్ళు ఇటు ఫెరార్‌గంజ్ మీదుగా మాయాబందర్ దాకా వెళ్ళేవి, అటు సరుకు కోసం ఫెర్రీ ఎక్కి పోర్ట్‌బ్లెయిర్‌కు దాటేవి. సునామీ వచ్చిన నాడు ఒక లారీ, దాని డ్రైవరు తూఫాన్ భయ్యా ఏమయ్యారో తెలియలేదు. (ఎడ్లబండి కూడా హారన్ కొట్టి దాటిపోయేటంత నెమ్మదిగా నడుపుతాడు గనుక ఆయనకు ఆ పేరు.) భయ్యా ఎక్కడో మెట్ట మీది ఊళ్ళో కొబ్బరికాయలు తింటూ క్షేమంగానే ఉన్నాడు. కానీ ఆ కబురు అందేదాకా మామయ్య అన్నం ముట్టలేదు. అప్పట్నుంచి ఏ బండి కాస్త ఆలస్యమైనా ఆయన జెట్టీ చివరికెళ్ళి నిలబడేవారు.

అందుకే నా మాటకు సరేనన్నారు, ఒక మెలికతో. “చూడు అల్లుడూ, ఇది నడిసిందా, ఈ ఆఫీసులో కుర్చీ నీది. లేదా, వచ్చే షిప్పుకి వైజాగ్ ఎక్కేసి మీ నాన్న చూసిన ఉద్యోగంలో చేరిపో.” నాన్న చూసినది ఎరువుల కొట్టులో లెక్కల పని. నాకేమో జెట్టీ గాలి, దీదీ కొట్లో టీ, ఈ నీళ్ళు వదిలి ఎక్కడికీ పోవాలని లేదు. ఆ కుర్చీ కోసం నడుం కట్టాను. ఒక్కో బండికీ జాడ చెప్పే డబ్బా బిగించాను. అది మామయ్య చెవి అని డ్రైవర్లకు అనుమానం. దిష్టి తగలకుండా తూఫాన్ భయ్యా దానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. పోర్టల్‌కు అడ్మిన్ నేనే, వాడేవాణ్ణీ నేనే, ఫిర్యాదులు వినేవాణ్ణీ నేనే. పాస్‌వర్డ్ మాత్రం మామయ్యది. ఆయన దాన్ని గుమ్మంలో నిలబడి అరిచి చెప్పడంతో జెట్టీ అంతటికీ కంఠస్థమైంది.

అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? మామయ్య మనసు గెలవాలని ఇంకో ఏర్పాటు చేశాను. పటంలో సముద్రమున్న చోటంతా నిషిద్ధమని గీత గీసి, బండి ఆ నీలంలో అడుగుపెడితే ఆఫీసులో సైరన్ మోగేలా చేశాను. “మళ్ళీ అలలొస్తే మనకే ముందు తెలుస్తుంది మామయ్యా!” అంటే ఆయన కళ్ళు చెమర్చాయి.

ప్రారంభోత్సవం రోజున మానిటర్‌కు బొట్టు పెట్టారు. అత్తయ్య కొబ్బరికాయ కొట్టింది. లడ్డూలు తేవడానికి పొద్దున్నే లారీతో సహా పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళిన తూఫాన్ భయ్యా ఒక్కడే రావాలి. పటం ముక్కలు ముక్కలుగా తెర మీదకు దిగుతోంది. “బావుంది గానీ, బూందీలాగ రాల్తందేటి?” అంది టీకొట్టు దీదీ. అంతలో సైరన్ మోగింది. తెర మీద ఎర్రటి అక్షరాలు: తూఫాన్ భయ్యా బండి సముద్రంలో ఉంది.

మామయ్య ఫోన్ అందుకున్నారు. ఫోన్ చేస్తే భయ్యా ఎత్తలేదు. మామయ్య చెప్పులు కూడా వేసుకోకుండా జెట్టీ వైపు పరుగు తీశారు. వెనక హారతి పళ్ళెంతో అత్తయ్య, గరిటెతో దీదీ, ఆ వెనక నేను. అప్పుడే ఫెర్రీ వచ్చి ఒడ్డుకు ఆనింది. “బోటు తిప్పండి బాబూ! మా లారీ సముద్రంలో పడిపోనాది!” అని కేకలు వేస్తూ మామయ్య ఎక్కబోతుంటే, లోపలి నుంచి ఒక లారీ హారన్ కొట్టుకుంటూ అడ్డమొచ్చింది.

“ఏయ్, పక్కకి తియ్యరా! తొందర్లో ఉన్నాం!” అని గద్దించారు మామయ్య.

“క్యా హువా సేఠ్?” అంటూ తూఫాన్ భయ్యా కిటికీలోంచి తల బయట పెట్టాడు.

“లారీ సముద్రంలో పడిపోనాదిరా!”

“అరే బాప్‌రే! ఎవుల్ది?”

“నీదేరా!”

భయ్యా కిందికి దూకి, వెనక్కి పరుగెత్తి, తన లారీ ఉందో లేదో తడిమి చూసుకున్నాడు.

అప్పుడు మేమంతా సముద్రాన్ని చూశాం, ఫెర్రీని చూశాం, లారీని చూశాం. ఆ తర్వాత అందరూ నన్ను చూశారు. పుట్టిన దగ్గర్నుంచి బడికీ, బజారుకీ, పెళ్ళికీ, పురిటికీ ఫెర్రీ మీదే తిరిగినవాళ్ళం. మాకది రోడ్డే. రోడ్డు కింద సముద్రముంటుందని సైరన్ పెట్టిన నాకూ తోచలేదు, పరుగెత్తిన వాళ్ళకూ తోచలేదు. ముందుగా నవ్వింది దీదీ. తర్వాత జెట్టీ జెట్టీ అంతా నవ్వింది. మామయ్య ఒక్కరే నవ్వలేదు. నేను మనసులో పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాను.

“ఆ సైరన్ ఇప్పుడే తీసేస్తాను మామయ్యా,” అన్నాను నీరసంగా.

“తీస్తే కాళ్ళిరగ్గొడతాను!” అన్నారాయన, లారీని నిమురుతూ. “అలలొచ్చిన ఆ రోజు నాకు ఈడు ఫలానా చోట ఉన్నాడని చెప్పినోడు ఒక్కడు లేడురా. ఇదేదో అబద్ధమో నిజమో, గొంతు చించుకుని అరిసింది. అరవనీ. నువ్వెళ్ళి నీ కుర్చీలో కూకో.”

లడ్డూలు జెట్టీ మీదే పంచారు.

అలా ఆ సైరన్ నిలిచిపోయింది. అది మోగితే బండి ఫెర్రీ ఎక్కిందని అర్థం. అత్తయ్య ఎసట్లో బియ్యం పోసేది, దీదీ టీ పెట్టేది. బండి ఒడ్డుకు చేరేసరికి అన్నీ వేడివేడిగా ఉండేవి. ఇప్పుడు సముద్రం అడుగునుంచి కేబుల్ ఇంటర్నెట్ వచ్చింది, పటం ఒక్కసారిగా దిగుతోంది. కుర్చీ అదే, నేనే కాస్త వెడల్పయ్యాను. కొత్త సాఫ్ట్‌వేర్ బిగించిన మెయిన్‌లాండ్ కుర్రాడు మొన్న ఫోన్ చేసి, “సార్, మీ పాత సెట్టింగుల్లో పెద్ద తప్పుంది, లారీలు రోజూ మునుగుతున్నాయి, సరిచేయమంటారా?” అన్నాడు.

“అది తప్పు కాదు నాయనా, మా భోజనాల గంట,” అన్నాను. అవతల అతను ఏం రాసుకున్నాడో గానీ, నాకు మాత్రం సైరన్ పెట్టిన నాటి నాలోని కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. పాపం, వాడు ఇంకాస్త తెలివైనవాడై ఉంటే, మేమంతా ఇన్నేళ్ళూ చల్లన్నం తినేవాళ్ళం.